టై కట్టుకోవడం, ఫార్మల్ దుస్తులు: తరచుగా అడిగే ప్రశ్నలు

రేపు ఇంటర్వ్యూ అనగా, సాయంత్రం ఫంక్షన్ అనగా అద్దం ముందు నిలబడ్డవాళ్లకు వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా దాని జవాబు అక్కడికక్కడే పూర్తవుతుంది, వరసగా చదవక్కర్లేదు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. అందరూ ముడి గురించే టెన్షన్ పడతారు. ఎదుటివాళ్ల కంటికి ముందు తగిలేది టై పొడవు, కాలర్, కోటు భుజాలు. ఆ మూడూ కుదిరితే ముడి కాస్త అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు.

## టై కొనేటప్పుడు

మొదటిసారి కొంటున్నాను. ఏ రంగు తీసుకోవాలి?

గీతలు, బొమ్మలు లేని సాదా నావీ బ్లూ. తెల్ల చొక్కా మీదికీ, లేత నీలం చొక్కా మీదికీ, గ్రే సూట్‌కీ, నీలం సూట్‌కీ కుదిరిపోతుంది. రెండోది కొనే రోజున ముదురు మెరూన్ చూడండి. చొక్కా రంగు కంటే టై రంగు ముదురుగా ఉండాలన్నది ఒక్కటి గుర్తుంచుకుంటే పెద్దగా పొరపాటు జరగదు. నల్ల టైని మొదటి టైగా నేను సిఫారసు చేయను. తెల్ల చొక్కా మీద అది అంత్యక్రియలకు వెళ్తున్నట్టో, యూనిఫాం వేసుకున్నట్టో కనిపిస్తుంది.

వెడల్పు ఎంత ఉండాలి?

వెడల్పు కొస దగ్గర 3 నుంచి 3.5 అంగుళాలు ఉంటే ఏ సందర్భానికైనా సరిపోతుంది. 2, 2.5 అంగుళాల సన్న టైలు సన్నగా ఉన్నవాళ్లకి, సన్న లాపెల్ (కోటు ముందు కాలర్ కింద మడిచి ఉండే పట్టీ) ఉన్న కోట్లకి బాగుంటాయి. కోటు లాపెల్ వెడల్పూ టై వెడల్పూ దగ్గరదగ్గరగా ఉండేలా చూసుకోండి. వెడల్పు లాపెల్ మధ్య సన్న టై వేలాడితే చిన్నపిల్లల టై పెట్టుకున్నట్టు ఉంటుంది.

నేను బాగా పొడుగు. మామూలు టైలు పొట్టిగా అయిపోతున్నాయి. ఏం చేయాలి?

మామూలు టై పొడవు సుమారు 57, 58 అంగుళాలు. ఆరడుగులు దాటినవాళ్లకీ, మెడ లావుగా ఉన్నవాళ్లకీ, పొట్ట ఉన్నవాళ్లకీ అది చాలకపోవచ్చు. ‘ఎక్స్‌ట్రా లాంగ్’ పేరుతో 61 నుంచి 63 అంగుళాల టైలు దొరుకుతాయి. ఉన్న టైతోనే సర్దుకోవాలంటే గుడ్డ తక్కువ తినే ముడి వేయండి. ఫోర్ ఇన్ హ్యాండ్ అనే మామూలు ముడి అలాంటిదే. టైని లోపలివైపు బయటికి ఉండేలా మెడలో వేసుకుని మొదలుపెట్టే ప్రాట్ ముడి కూడా, లావుగా వచ్చే విండ్సర్ ముడి కంటే తక్కువ గుడ్డతో పూర్తవుతుంది.

మంచి టైని చూసి గుర్తుపట్టడం ఎలా?

సన్న కొస పట్టుకుని టైని కిందికి వేలాడదీయండి. నిటారుగా దిగితే మంచిదే. మెలి తిరిగితే గుడ్డ సరిగ్గా కత్తిరించలేదని అర్థం, అది మెడలో కూడా తిరుగుతూనే ఉంటుంది. గుడ్డను నేతకు 45 డిగ్రీల ఏటవాలుగా కత్తిరించి, మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతిని 1920లలో న్యూయార్క్‌కి చెందిన జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ తెచ్చాడు. టై సాగి మళ్లీ తన ఆకారానికి రావడం ఈ కోత వల్లే.

తర్వాత తిరగేసి చూడండి. వెనక మధ్య కుట్టు చేత్తో వేసిందైతే, వెడల్పు కొస లోపల ఒక వదులు దారం చిన్న ఉంగరంలా కనిపిస్తుంది. అది పొరపాటున మిగిలిపోయిన దారం కాదు, ముడి లాగినప్పుడు కుట్టు తెగకుండా సర్దుకోవడానికి వదిలినది. దయచేసి దాన్ని కత్తిరించకండి.

సిల్కే కావాలా? పాలిస్టర్ పర్వాలేదా?

పర్వాలేదు. సిల్క్ ముడిని బాగా పట్టి ఉంచుతుంది, విప్పాక ముడతలు త్వరగా పోతాయి, మెరుపు మెత్తగా ఉంటుంది. పాలిస్టర్‌లో జారుడు ఎక్కువ, చౌకరకాల్లో మెరుపు కాస్త గట్టిగా కొడుతుంది. ఏడాదికి నాలుగైదు సార్లు కట్టేవాళ్లకి మెరుపు తక్కువగా ఉన్న పాలిస్టర్ చాలు. ఉన్ని టైలు, అల్లిక టైలు అందంగా ఉంటాయి గానీ మరీ ఫార్మల్ సందర్భాలకి సిల్కే నప్పుతుంది.

క్లిప్ టై పెట్టుకుంటే తప్పా?

తప్పు కాదు. సెక్యూరిటీ సిబ్బంది, కొన్నిచోట్ల పోలీసులు కావాలనే క్లిప్ టై వాడతారు. ఎవరైనా పట్టుకుని లాగితే ఊడి చేతికి వస్తుంది, మెడకి బిగుసుకోదు. చిన్నపిల్లలకీ అదే మేలు. ఇంటర్వ్యూకో, వేడుకకో అయితే ముడి వేసిన టై కట్టుకోండి. క్లిప్ టై ముడి ప్లాస్టిక్ అచ్చులో పోసినట్టు ఉంటుంది, దగ్గరినుంచి తెలిసిపోతుంది.

## ముడి నేర్చుకునేటప్పుడు

ఇన్ని రకాల ముళ్లున్నాయి. నాకు ఎన్ని రావాలి?

ఒకటి. కేంబ్రిడ్జ్‌లో ఇద్దరు భౌతిక శాస్త్రవేత్తలు, థామస్ ఫింక్, యాంగ్ మావో, మామూలు టైతో వేయగల ముళ్లు 85 అని 1999లో గణితంతో లెక్కగట్టారు. అందులో చూడ్డానికి బాగుండేవి కొన్నే, రోజూ జనం వేసుకునేవి మూడో నాలుగో. ఫోర్ ఇన్ హ్యాండ్ చేతికి అలవాటైతే ఆఫీసుకీ, పెళ్లికీ, ఇంటర్వ్యూకీ అన్నిటికీ అదే సరిపోతుంది. రెండోది ఎప్పుడైనా సరదా పుడితే నేర్చుకోండి.

ఫోర్ ఇన్ హ్యాండ్ ఎలా వేయాలి? మెల్లగా, ఒక్కో అడుగూ చెప్పండి.

చొక్కా పై బటన్ పెట్టి, కాలర్ పైకి లేపండి. టై మెడ చుట్టూ వేసుకోండి, కుట్టు ఉన్న వైపు ఒంటికి తగలాలి. వెడల్పు కొస మీ కుడి చేతివైపు, సన్న కొస ఎడమ చేతివైపు ఉండనివ్వండి. వెడల్పు కొస సన్నదాని కంటే దాదాపు 12 అంగుళాలు కిందికి దిగాలి. ఇక్కడినుంచి కదిలేది వెడల్పు కొస ఒక్కటే. సన్నది ఎడమ చేత్తో అలా పట్టుకుని ఉంచడమే.

వెడల్పు కొసని సన్నదాని మీదుగా ఎడమకి తీసుకెళ్లండి. కింద నుంచి మళ్లీ కుడికి తెండి. మరోసారి పై నుంచి ఎడమకి తీసుకెళ్లండి. ఈ మూడో కదలికతో ముందువైపు ఒక అడ్డపట్టీ ఏర్పడుతుంది. దాని కింద చూపుడు వేలు దూర్చి ఉంచండి, చోటు మూసుకుపోకుండా.

ఇప్పుడు వెడల్పు కొసని మెడ దగ్గరున్న చుట్టులోకి కింద నుంచి పైకి తీయండి. మీ ముఖానికి ఎదురుగా బయటికి వస్తుంది. దాన్ని మడిచి, వేలు పెట్టి ఉంచిన అడ్డపట్టీలోంచి కిందికి దించండి. వేలు తీసేసి, వెడల్పు కొస లాగితే ముడి బిగుస్తుంది. ఆ తర్వాత సన్న కొస ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ముడిని పైకి జరపండి. కాలర్ దించేస్తే అయిపోయింది.

అద్దంలో చూస్తే కుడి ఎడమలు తికమక పడుతున్నాయి. ఏం చేయాలి?

అద్దం వదిలేయండి. తల కాస్త వంచి నేరుగా చేతుల్నే చూస్తూ, నోటితో ‘పైన, కింద, పైన, లోపలికి, దించు’ అని చెప్పుకుంటూ వేయండి. వీడియో చూసి నేర్చుకునేవాళ్లకి కూడా ఇదే ఇబ్బంది, ఎదురుగా ఉన్న మనిషి కుడి మనకి ఎడమగా కనిపిస్తుంది. చేతులకి అలవాటయ్యాక పొడవు చూసుకోవడానికి మాత్రం అద్దం దగ్గరికి వెళ్లండి.

నాది ఎడమచేతి వాటం. వేరే పద్ధతి ఉందా?

లేదు. వెడల్పు కొస ఎడమవైపు వేసుకుని, కుడి అన్నచోట ఎడమ, ఎడమ అన్నచోట కుడి అనుకుంటే చాలు.

ఎన్నిసార్లు వేసినా ముడి ఒక పక్కకి వాలుతోంది. ఎక్కడ తప్పు?

మీరు వేస్తున్నది ఫోర్ ఇన్ హ్యాండ్ అయితే తప్పేమీ లేదు. ఆ ముడి స్వభావమే అది, కొద్దిగా ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలే దానికి అందం అనేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మరీ పక్కకి పోతుంటే ముడిని బొటనవేలు, చూపుడు వేలు మధ్య పట్టి మధ్యకి సర్దండి. సన్న కొసని మరీ గట్టిగా లాగడం వల్ల కూడా ముడి తిరిగిపోతుంది.

హాఫ్ విండ్సర్ ఎలా వేస్తారు?

వెడల్పు కొస కుడివైపు, మామూలు కంటే ఒకట్రెండు అంగుళాలు ఎక్కువ కిందికి. సన్నదాని మీదుగా ఎడమకి, కింద నుంచి కుడికి. ఇక్కడ తేడా వస్తుంది. వెడల్పు కొసని పైకి ఎత్తి, మెడ చుట్టులోకి పైనుంచి కిందికి దూర్చి, ఎడమవైపుకి లాగండి. ఇప్పుడు ముందునుంచి అడ్డంగా కుడికి తెండి. మెడ చుట్టులోకి కింద నుంచి పైకి తీసి, ముందున్న అడ్డపట్టీలోంచి దించండి. ముడి త్రికోణంగా, దాదాపు రెండు పక్కలా సమానంగా వస్తుంది. కాలర్ రెక్కలు కాస్త విడిగా ఉన్న చొక్కాలకి ఇది చక్కగా నప్పుతుంది.

ఫుల్ విండ్సర్ వేస్తేనే హుందాగా ఉంటుందంటారు. నిజమేనా?

నేను ఒప్పుకోను. కాలర్ రెక్కలు బాగా విడిగా ఉండి, మెడ పొడవుగా, ముఖం వెడల్పుగా ఉన్నవాళ్లకి అది బాగుంటుంది. మామూలు కాలర్‌లో ఆ లావు ముడి ఇరుక్కుని రెక్కల్ని పైకి తోస్తుంది. గుడ్డ కూడా ఎక్కువ తింటుంది, టై పొట్టిగా మిగులుతుంది. ఈ ముడికి పేరు వచ్చింది విండ్సర్ డ్యూక్ వల్ల, అంటే సింహాసనం వదులుకున్న బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్. ఆయన మాత్రం అది వేసుకోలేదు. లోపల మందపాటి లైనింగ్ పెట్టించిన టైలతో మామూలు ఫోర్ ఇన్ హ్యాండే వేసుకునేవాడు.

ముడి కింద సొట్ట పడుతుందే, అది ఎలా వస్తుంది?

ముడి పూర్తిగా బిగించక ముందే పెట్టాలి, తర్వాత రాదు. వెడల్పు కొసని అడ్డపట్టీలోంచి దించగానే ఆగండి. ముడికి సరిగ్గా కింద చూపుడు వేలు గుడ్డ మధ్యలో పెట్టి లోపలికి నొక్కండి. బొటనవేలు, మధ్యవేలుతో రెండు అంచుల్నీ కాస్త దగ్గరికి తెండి. గుడ్డ దోనెలా వంగుతుంది. ఆ వంపు వదలకుండా రెండో చేత్తో టైని కిందికి లాగి బిగించండి. మొదట్లో సొట్ట పక్కకి పోతుంది, లేదా రెండు పడతాయి. ముడి వదులు చేసి మళ్లీ నొక్కితే సరిపోతుంది, మొత్తం విప్పనక్కర్లేదు. జారే పాలిస్టర్ కంటే సిల్క్‌లో ఇది చాలాసేపు నిలుస్తుంది. అంత్యక్రియలకి మాత్రం సొట్ట లేకుండా సాదాగా కట్టుకోవాలని కొందరు పాటిస్తారు.

తమ్ముడికి నేను టై కట్టాలి. నాకు నేను కట్టుకోగలను గానీ ఎదురుగా నిలబడితే చేతులు ఆడట్లేదు.

వెనక నిలబడండి. ఇద్దరూ అద్దం వైపు తిరిగి, మీ చేతులు అతని భుజాల మీదుగా ముందుకి తెచ్చి, మీకే కట్టుకుంటున్నట్టు కట్టండి. ఎత్తు చాలకపోతే అతన్ని కుర్చీలో కూర్చోబెట్టండి. అదీ కుదరకపోతే మీ మెడకే కట్టుకుని, వదులు చేసి, తల మీదుగా తీసి అతని మెడలో వేసి బిగించండి.

## పొడవు, కాలర్ సరిచూసుకునేటప్పుడు

టై కొస ఎక్కడిదాకా రావాలి?

నిటారుగా నిలబడినప్పుడు కొస మొన బెల్టు బకిల్‌ని తాకాలి. బకిల్ పై అంచుకీ కింది అంచుకీ మధ్య ఎక్కడున్నా సరే. పొట్ట మీదే ఆగిపోతే పొట్ట పెద్దగా కనిపిస్తుంది, బకిల్ దాటి వేలాడితే నిర్లక్ష్యంగా కట్టినట్టుంటుంది. ప్యాంటు నడుము దగ్గర కాకుండా బాగా కిందికి వేసుకునేవాళ్లు ముందు ప్యాంటుని పైకి సర్దుకోండి. టై పొట్టి అనుకున్న చాలా సందర్భాల్లో అసలు కారణం అదే.

ప్రతిసారీ పొడవు మారిపోతోంది. ఒకేలా రావాలంటే?

పొడవు బాగా కుదిరిన రోజున టై విప్పేసి, అదే స్థానంలో మళ్లీ మెడలో వేసుకుని చూడండి. ముడి మొదలుపెట్టేముందు సన్న కొస మొన మీ చొక్కా ఎన్నో బటన్ దగ్గరుందో గమనించండి. మీ గుర్తు ఇక అదే. నాలుగో బటన్ అయితే ఎప్పుడూ నాలుగో బటన్. టై మందం, పొడవు మారితే గుర్తు ఒక అంగుళం అటూ ఇటూ జరుగుతుంది, అంతే.

వెనక సన్న కొస ముందుదాని కంటే కిందికి వేలాడుతోంది.

మొదలుపెట్టేటప్పుడు వెడల్పు కొసకి పొడవు చాలలేదు. విప్పి, దాన్ని ఇంకో రెండు అంగుళాలు కిందికి దించి మళ్లీ కట్టండి. తేడా కొంచెమే అయితే సన్న కొసని వెనకున్న చిన్న పట్టీలో దూర్చి, మిగిలిన కొస చొక్కా బటన్ల మధ్యనుంచి లోపలికి పెట్టేయవచ్చు.

ముడికీ కాలర్‌కీ మధ్య సందు కనిపిస్తోంది.

పై బటన్ పెట్టలేదు, లేదా ముడి పూర్తిగా పైకి జరపలేదు. రెండూ చేశాక కూడా సందు ఉంటే కాలర్ మీకు వదులు. టై ఎంత బిగించినా ఆ కాలర్ కుచ్చులు పడుతుందే తప్ప కుదరదు.

పై బటన్ పెడితే ఊపిరాడట్లేదు. తీసేసి టై బిగించుకోవచ్చా?

వద్దు, కాసేపటికే ముడి జారి బటన్ దగ్గర ఖాళీ బయటపడుతుంది. బటన్ పెట్టాక మెడకీ కాలర్‌కీ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి. దూరకపోతే ఒక సైజు పెద్ద చొక్కా కావాలి. అప్పటిదాకా బటన్‌ని కాజా వైపు కాస్త జరిపి కుట్టించుకోండి, టై ముడి దాన్ని కప్పేస్తుంది. బటన్‌కి తగిలించే సాగే ఎక్స్‌టెండర్లు కూడా దొరుకుతాయి.

ఇది సౌకర్యం గురించి మాత్రమే కాదు. మెడకి మరీ బిగించిన టై కంటిలోపలి ఒత్తిడిని పెంచుతుందని, మెదడుకి రక్తప్రసరణని కొంత తగ్గిస్తుందని పరిశోధనల్లో తేలింది. బిగుతు భరించి కూర్చోకండి.

కాలర్ కొసలు పైకి లేచి టై మీద ఎక్కుతున్నాయి.

కాలర్ తిరగేస్తే కింద రెండు సన్న జేబుల్లాంటివి ఉంటాయి. వాటిలో ప్లాస్టిక్ పుల్లలు ఉండాలి. ఉతికేటప్పుడు తీసి మర్చిపోయి ఉంటారు, లేదా వంగిపోయి ఉంటాయి. కొత్తవి పెడితే కొసలు నిటారుగా నిలుస్తాయి. ఇస్త్రీకి ఇచ్చేముందు వాటిని తీయకపోతే వేడికి కాలర్ మీద అచ్చు పడిపోతుంది.

టై పిన్ ఎక్కడ పెట్టాలి?

చొక్కా మూడో, నాలుగో బటన్ల మధ్య, అడ్డంగా. టైనీ చొక్కా బటన్ పట్టీనీ కలిపి పట్టాలి, టై ఒక్కదానికే తగిలిస్తే దానివల్ల ప్రయోజనం లేదు. పిన్ టై వెడల్పు కంటే పొడవుగా ఉండకూడదు. కోటు లోపల చేతుల్లేని వెయిస్ట్‌కోట్ వేసుకుంటే పిన్ అక్కర్లేదు.

## సూట్, చొక్కా, బూట్లు

రెడీమేడ్ సూట్ కొనేటప్పుడు ముందు ఏం చూడాలి?

భుజాలు. కోటు భుజం కుట్టు మీ భుజం ఎముక చివర ముగియాలి. గోడకి పక్కగా ఆనుకుని చూసినప్పుడు మీ చేతికంటే ముందు కోటు భుజం గోడకి తగిలిందంటే అది పెద్దది. నడుము తగ్గించడం, చేతుల పొడవు సరిచేయడం, ప్యాంటు అంచు మడవడం టైలర్‌కి తేలిక. భుజాలు మార్చాలంటే కోటు సగం విప్పాలి, ఖర్చు ఎక్కువ, ఫలితం మీద నమ్మకం తక్కువ. ధర తగ్గిందనో రంగు నచ్చిందనో భుజాలు కుదరని కోటు కొనకండి.

భుజాలు కుదిరాక పై బటన్ పెట్టి చూడండి. బటన్ దగ్గర గుడ్డ ఇంగ్లిష్ ఎక్స్ అక్షరంలా లాగుతుంటే బిగుతు. వెనక మెడ దగ్గర చొక్కా కాలర్‌కీ కోటు కాలర్‌కీ మధ్య సందు రాకూడదు.

కొత్త కోటు వెనక దారంతో ఇంటూ గుర్తు కుట్టి ఉంది. డిజైనా?

కాదు. రవాణాలో ఆకారం చెదరకుండా వేసిన తాత్కాలిక కుట్టు. చిన్న కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి లాగేయండి. చేతి మీద కంపెనీ లేబుల్ కుట్టి ఉంటే అదీ తీసేయండి. జేబులు కుట్టేసి ఉంటాయి, వాటిని తెరవడం మీ ఇష్టం. పక్క జేబులు తెరవకుండా వదిలేస్తే కోటు ఉబ్బకుండా ఉంటుంది.

కోటు బటన్లు అన్నీ పెట్టాలా?

కింది బటన్ ఎప్పుడూ పెట్టకూడదు. రెండు బటన్ల కోటుకి పైది మాత్రమే పెట్టాలి. మూడుంటే మధ్యది పెట్టాలి, పైది మీ ఇష్టం. కూర్చునేటప్పుడు విప్పి, లేచేటప్పుడు పెట్టుకోవాలి. రెండు వరసల బటన్లుండే డబుల్ బ్రెస్టెడ్ కోటు మాత్రం కూర్చున్నా పెట్టే ఉంచుతారు.

చొక్కా చేతులు కోటు బయటికి కనిపించాలా?

పావు నుంచి అర అంగుళం కనిపించాలి. అసలు కనిపించకపోతే కోటు చేతులు పొడుగు, అంతకన్నా ఎక్కువ కనిపిస్తే పొట్టి.

హాఫ్ హ్యాండ్స్ చొక్కా మీద టై కట్టవచ్చా?

అది యూనిఫాంలో భాగమైన చోట కట్టుకోండి. మీరు ఎంచుకునే అవకాశమున్న చోట ఫుల్ హ్యాండ్సే వేసుకోండి. కోటు విప్పినా, విప్పకపోయినా తేడా తెలుస్తుంది.

చారల చొక్కా మీద చారల టై వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, చారల సైజు వేరుగా ఉంటే. చొక్కా చారలు సన్నగా ఉంటే టై చారలు వెడల్పుగా ఉండాలి. రెండూ ఒకే వెడల్పయితే చూసేవాళ్ల కళ్లు చెదురుతాయి. అనుమానంగా ఉంటే రెండింట్లో ఒకటి సాదాగా ఉంచండి. ఇంకో సంగతి. బ్రిటన్‌లో కొన్ని చారల టైలు ఫలానా సైనిక దళానికో, క్లబ్బుకో, స్కూలుకో చెందినవి. మీది కాని దళం టై అక్కడ కట్టుకుంటే ఎవరో ఒకరు అడుగుతారు. అమెరికా టైలలో చారలు సాధారణంగా వ్యతిరేక దిశలో వాలుతాయి, ఆ గొడవ ఉండదు.

బెల్టు, బూట్లు, సాక్సుల రంగులు ఎలా కలపాలి?

బెల్టు రంగు బూట్లతో కలవాలి, సాక్సుల రంగు ప్యాంటుతో కలవాలి. నల్ల బూట్లు అన్ని ఫార్మల్ సందర్భాలకీ సురక్షితం. బ్రౌన్ బూట్లు నావీ సూట్ మీద అందంగా ఉంటాయి, నల్ల సూట్ మీద ఉండవు. సాక్సులు కాలు మీద కాలు వేసుకున్నా చర్మం కనపడనంత పొడవుండాలి. లేసుల పట్టీలు ముందుభాగం కింద మూసుకుని కుట్టిన ఆక్స్‌ఫర్డ్ బూట్లు అన్నిటికన్నా ఫార్మల్. పట్టీలు పైన తెరుచుకునే డెర్బీలు ఒక మెట్టు కింద, ఆఫీసుకి అవి చాలు. బూట్లకి పాలిష్ లేకపోతే మిగతాదంతా వృథా.

టైకి మ్యాచింగ్ జేబురుమాలు సెట్‌గా అమ్ముతున్నారు. కొననా?

ఒకే గుడ్డలో రెండూ వాడకండి, అద్దెకి తెచ్చుకున్నట్టుంటుంది. సాదా తెల్ల కాటన్ రుమాలు చదరంగా మడిచి అర అంగుళం కనిపించేలా పెడితే ఏ టైకైనా సరిపోతుంది.

## సందర్భాన్ని బట్టి

ఆహ్వానంలో ‘బ్లాక్ టై’ అని ఉంది. నల్ల టై కట్టుకుంటే సరిపోతుందా?

సరిపోదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బ్లాక్ టై అంటే సిల్క్ లాపెల్ ఉన్న డిన్నర్ జాకెట్, పక్కన సిల్క్ పట్టీ ఉన్న ప్యాంటు, తెల్ల చొక్కా, మెడ దగ్గర సీతాకోకచిలుకలా కట్టే నల్ల బో టై, నల్ల బూట్లు. అమెరికాలో దీన్నే టక్సీడో అంటారు. ‘బ్లాక్ టై ఆప్షనల్’ అని ఉంటే ముదురు సూట్, టైతో వెళ్లవచ్చు. ‘వైట్ టై’ అంటే ఇంకా పై మెట్టు, వెనక తోకల కోటు, తెల్ల వెయిస్ట్‌కోట్, తెల్ల బో టై. ‘లౌంజ్ సూట్’ అంటే మామూలు సూట్, టై. దౌత్య విందుల ఆహ్వానాల్లో దాని పక్కన జాతీయ దుస్తులు కూడా రాస్తారు, అలాంటప్పుడు అవి సూట్‌తో సమానమైన గౌరవంగలవే.

‘బిజినెస్ క్యాజువల్’ అంటే టై కావాలా?

అక్కర్లేదు. కాలర్ ఉన్న చొక్కా, మంచి ప్యాంటు, తోలు బూట్లు చాలు. ఎటూ తేలకపోతే బ్లేజర్ వేసుకుని, టై జేబులో పెట్టుకుని వెళ్లండి. అక్కడ చూసి కట్టుకోవచ్చు.

ఇంటర్వ్యూకి ఏం వేసుకోవాలి?

నావీ లేదా ముదురు గ్రే సూట్, తెల్ల లేదా లేత నీలం చొక్కా, సాదా టై, నల్ల బూట్లు. మీరు బయటికి వచ్చాక వాళ్లకి గుర్తుండాల్సింది మీ మాటలు. అందుకే టై మీద మెరుపులూ బొమ్మలూ వద్దు. ముందురోజే మొత్తం వేసుకుని ఒక గంట ఉండండి. కూర్చోండి, మెట్లు ఎక్కండి, చేయి చాపి కరచాలనం చేసి చూడండి. కొత్త బూటు ఎక్కడ కరుస్తుందో, చొక్కా ఎక్కడ బయటికి వస్తుందో ఇంట్లోనే తెలిసిపోతుంది. సూట్ లేనివాళ్లు కొత్తది కొనలేక బెంగపడుతుంటారు. శుభ్రంగా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ముదురు ప్యాంటు, సరైన పొడవులో కట్టిన టై ఉంటే, కుదరని అరువు సూట్ కంటే వంద రెట్లు నయం.

వీడియో ఇంటర్వ్యూకి కూడా ఇవే నియమాలా?

దాదాపు. సన్న చారలు, చిన్న గళ్లు మాత్రం వద్దు, కెమెరాలో అవి అలల్లా కదులుతూ కనిపిస్తాయి. సాదా టై మేలు. కూర్చున్నాక కోటుని వెనక కిందికి లాగి, దాని అంచు మీద కూర్చుంటే భుజాలు పైకి లేవవు.

ఎండాకాలంలో సూట్ వేసుకోక తప్పట్లేదు. ఎలా?

పలచని ఉన్ని గుడ్డ, వీపు భాగంలో సగం లైనింగే ఉన్న కోటు వెతకండి. ఉన్ని అనగానే వేడి అనుకుంటారు గానీ పలచగా వదులుగా నేసిన ఉన్ని గాలి ఆడనిస్తుంది, ముడత పడదు. పాలిస్టర్ ఎక్కువున్న సూట్లే ఉక్కపోస్తాయి. లినెన్ చల్లగా ఉంటుంది, కానీ గంటలో ముడతలు. వెళ్లేచోటికి చేరాక కోటు వేసుకోండి, దారిలో చేతి మీద మడిచి పట్టుకోండి. ఇక భరించలేనప్పుడు టై పూర్తిగా తీసేయండి. సగం వదులు చేసి వేలాడదీయడం రెండిటికీ చెడుతుంది.

అమ్మాయిలు టై కట్టుకుంటే నియమాలు వేరా?

ముడీ కాలరూ అవే. పొడవు విషయంలో స్వేచ్ఛ ఎక్కువ. భుజాలు సన్నగా ఉంటే 2.5 అంగుళాల లోపు టై బాగుంటుంది. మామూలు టై బాగా పొడుగైతే గుడ్డ ఎక్కువ తినే విండ్సర్ ముడి ఇక్కడ అక్కరకొస్తుంది.

టై అసలు కట్టుకోకూడని చోట్లు ఉన్నాయా?

తిరిగే యంత్రాల దగ్గర, ప్రయోగశాలల్లో మంట, రసాయనాల దగ్గర వేలాడే టై ప్రమాదం. ఆసుపత్రుల్లో రోగులను తాకే వైద్యులకి కూడా చాలాచోట్ల వద్దంటారు. టైని ఎవరూ రోజూ ఉతకరు, అది ఒక మంచం మీదినుంచి ఇంకో మంచం మీదికి వాలుతుంది. ఇంగ్లండ్‌లో వైద్యులు పనిలో టై మానేయాలని 2007లో ప్రభుత్వమే మార్గదర్శకాలిచ్చింది.

## ఇంటికి వచ్చాక

టైని ముడి ఉండగానే తల మీదుగా తీసి, అలాగే తగిలించవచ్చా?

మళ్లీ కట్టుకునే శ్రమ తప్పుతుందని చాలామంది చేస్తారు. టై పాడవడానికి అదే మొదటి కారణం. ముడి దగ్గర గుడ్డ శాశ్వతంగా నలిగిపోతుంది, లోపలి లైనింగ్ తిరిగిపోతుంది. ముడి వేసిన క్రమాన్నే వెనక్కి నడిపిస్తూ విప్పండి. సన్న కొస పట్టి ఒక్క గుంజు గుంజితే కుట్లు సాగుతాయి. విప్పాక రాత్రంతా వేలాడదీస్తే సిల్క్, ఉన్ని టైల ముడతలు వాటంతటవే పోతాయి. అల్లిక టైలు మాత్రం వేలాడదీస్తే సాగుతాయి, చుట్టి పెట్టండి.

ఇస్త్రీ చేయవచ్చా?

పెట్టె నేరుగా ఆనించకండి. అంచులు చదునై, మెరుపు తేలి, టై అట్టముక్కలా అవుతుంది. ఆవిరి దూరం నుంచి పట్టి, చేత్తో సవరించండి.

టై మీద మరక పడింది. నీళ్లతో కడగనా?

సిల్క్ అయితే వద్దు, నీళ్లు ఆరాక వాటి అంచే కొత్త మరకగా మిగులుతుంది. తడి మరకని శుభ్రమైన తెల్లగుడ్డతో అద్దండి, రుద్దకండి. నూనె మరక మీద టాల్కమ్ పౌడర్ చల్లి, రాత్రంతా ఉంచి, మెత్తటి బ్రష్‌తో దులపండి. పోకపోతే డ్రైక్లీనింగ్‌కి ఇవ్వండి, మరక దేనిదో వాళ్లకి చెప్పండి.

ప్రయాణంలో టై నలగకుండా ఎలా పెట్టుకోవాలి?

సగానికి మడిచి, సన్న వైపు నుంచి వదులుగా చుట్టి, శుభ్రమైన సాక్సులో పెట్టి, ఆ సాక్సుని బూటు లోపల దూర్చండి. బూటు ఆకారమూ చెడదు, టై మీద బరువూ పడదు. దిగగానే బయటికి తీసి తగిలించండి.